ఏసీ ఆన్ చేశాక గదిలోకి గాలి ఎటునుంచి వస్తోంది?

రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయి పురుటికి మా ఇంటికి వచ్చింది. ఏప్రిల్‌లో కాన్పు. విజయవాడ ఎండల గురించి నేను చెప్పక్కర్లేదు. మేముండేది సత్యనారాయణపురంలో ఒక పాత ఇంట్లో, మేడ మీద వాటా, అద్దెకి. స్ప్లిట్ ఏసీ పెడదామంటే గోడకి కన్నం వేయడానికి వీల్లేదన్నాడు ఓనరు. కిటికీలకి ఇనప ఊచలు, విండో ఏసీ పట్టదు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్లకి ఏసీలు బిగించి బతుకుతున్నవాణ్ణి, సొంత కూతురి గదికి ఏసీ పెట్టలేకపోయానంటే ఎంత నామోషీ! చివరికి మా అల్లుడే హైదరాబాద్ నుంచి చక్రాల మీద దొర్లే పోర్టబుల్ ఏసీ పంపించాడు. వెనకాల ఏనుగు తొండంలా ముడతలు ముడతలుగా ఒక పైపు ఉంటుంది చూడండి, అది. ఆ తొండాన్ని కిటికీలోంచి బయటికి పెట్టి, చుట్టూ ఉన్న సందుని థర్మాకోల్ ముక్కలతోనూ టేపుతోనూ నేనే మూశాను. చీమ దూరే సందు కూడా లేకుండా. అదే నేను చేసిన తప్పని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండా అమ్మాయికి తలనొప్పి మొదలైంది. పొద్దున స్నానమయ్యాక వస్తుంది. తల దిమ్ముగా ఉంటుంది, కడుపులో తిప్పుతుంది, లేచి నిలబడితే తూలుతుంది. జ్వరం లేదు. మధ్యాహ్నం దాటి కాసేపు వసారాలో కూర్చుంటే అదే తగ్గిపోతుంది. మా అమ్మ, "పచ్చి బాలింత, ఆ మాయదారి ఏసీ గాలి సోకింది, చెవుల్లో దూది పెట్టుకోవే అంటే వినదు" అని సణుగుడు. మా ఆవిడ దిష్టి తీసింది. నేను ఏసీ గ్యాస్ లీకవుతోందేమోనని వెనక మూత విప్పి, రాగి గొట్టాల అతుకులకి సబ్బు నురగ రాసి చూశాను. ఒక్క బుడగ లేవలేదు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టాం. 98 చూపించింది. అంతా బాగానే ఉందనుకున్నాం.

మూడో రోజు గదిలో పిల్లకి నలుగుపెట్టి స్నానం చేయించి, అక్కడే కూర్చున్న మా ఆవిడ కూడా తల పట్టుకుంది. అప్పుడు భయమేసింది. ఇద్దరికీ ఒకే గదిలో, ఒకే వేళకి, ఒకే తలనొప్పి ఏమిటి? అందరినీ ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. రెండే ప్రశ్నలడిగింది: "ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందా? గదిలో నిప్పులేమైనా పెడుతున్నారా?" రెండూ ఉన్నాయి. రక్తం తీసి, అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంత చేరిందో చెప్పే కార్బాక్సీ హీమోగ్లోబిన్ అనే పరీక్ష చేయించింది, మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎక్కించింది. పసిదాన్ని కూడా పరీక్ష చేసి, గండం లేదంది. మేం చెబితే గాని ఎవరికీ తోచని సంగతి ఆవిడకి అడగాలని తోచింది. ఆవిడకి దండం.

అప్పటినుంచి నేను ఎక్కడ పోర్టబుల్ ఏసీ చూసినా చల్లదనం కంటే ముందు గాలి సంగతి చూస్తున్నాను. ఎలా చూడాలో, ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక అపోహ తీసేయాలి. "బాబాయ్, పోర్టబుల్ ఏసీలోంచి విషవాయువు వస్తుందట కదా" అని ఫోన్ చేసి అడుగుతారు. రాదు. కార్బన్ మోనాక్సైడ్ పుట్టాలంటే ఏదో ఒకటి కాలాలి. గ్యాసో, బొగ్గో, కట్టెలో, పెట్రోలో, డీజిలో. అది కాలడానికి చాలినంత గాలి అందకపోతే ఈ వాయువు పుడుతుంది. ఏసీలో కాలేదేమీ లేదు, అది కరెంటు మీద నడిచే కంప్రెసర్. లోపలుండే గ్యాస్, అది ఆర్-32 కానివ్వండి, ఆర్-410ఏ కానివ్వండి, లీకైనా అది వేరే వాయువే. అయితే కొన్ని పోర్టబుల్ ఏసీల్లో ఆర్-290 ఉంటుంది. అది ప్రొపేన్, మన వంటగ్యాస్ సిలిండర్‌లోనూ కలిసి ఉండే సరుకే. అంటుకుంటుంది. ఆర్-32 కూడా ఎంతో కొంత అంటుకునే రకమే. కాబట్టి యంత్రం పక్కన దీపాలూ కుంపట్లూ వద్దు. ఆ ముచ్చట అంతటితో సరి.

అసలు చిక్కు ఆ తొండంతో ఉంది. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, వేడిని బయటి యూనిట్ వదిలించుకుంటుంది. గదిలో గాలి గదిలోనే ఉంటుంది. కూలర్ అయితే బయటి గాలిని లోపలికి తోస్తుంది. ఒక్క పైపున్న పోర్టబుల్ ఏసీ వీటికి ఉల్టా. తన వేడిని వదిలించుకోవడానికి గదిలో గాలినే కొంత వాడుకుని, దాన్ని ఆ పైపులోంచి కిటికీ బయటికి ఊదేస్తుంది. అంటే చల్లబరుస్తూనే గదిని ఖాళీ చేస్తూ ఉంటుంది.

ఎంత ఖాళీ చేస్తుందో ఒక లెక్క చూడండి. మాది పది అడుగులకి పన్నెండు అడుగుల గది, పై కప్పు పదడుగుల ఎత్తు. 1200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనపు మీటర్ల గాలి. పైపులోంచి గంటకి ఓ 300 ఘనపు మీటర్లు బయటికి పోతోందనుకున్నా, ఏడు నిమిషాలకొకసారి గదిలో గాలంతా మారిపోతున్నట్టు లెక్క. అంత గాలి పోతే దాని బదులు అంత గాలీ ఎక్కడినుంచో రావాల్సిందే. తలుపు కింద సందు, స్విచ్ బోర్డు వెనక కన్నం, బాత్రూం తలుపు, ఎక్కడ దారి దొరికితే అక్కడ. నేను కిటికీలన్నీ టేపు వేసి మూసేశానా, ఇక దానికి మిగిలింది బాత్రూం తలుపు కింద రెండు వేళ్ల సందు. ఆ బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. పొగగొట్టం లేని గీజర్.

రెండు పైపుల పోర్టబుల్ ఏసీలు కూడా ఉన్నాయి. ఒక పైపు బయటి గాలిని తెచ్చుకుంటుంది, రెండోది దాన్నే వేడిగా బయటికి వదులుతుంది. గదిలో గాలి జోలికి పెద్దగా పోదు. దొరికితే, జేబు ఒప్పుకుంటే అదే కొనండి. కరెంటు కూడా కొంత కలిసొస్తుంది.

అగరుబత్తితో పరీక్ష

దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. గాలి నిలకడగా ఉన్న వేళ చూసుకోండి, బయట ఈదురుగాలి కొడుతుంటే లెక్క తప్పుతుంది. గీజర్, పొయ్యి అన్నీ ఆపేయండి. రాత్రి పడుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే తలుపులూ కిటికీలూ వేయండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఏసీని బాగా తక్కువ టెంపరేచర్‌లో పెట్టి పది నిమిషాలు నడవనివ్వండి. కంప్రెసర్ తిరుగుతున్నట్టు చప్పుడు వినిపించాలి. తొండం దగ్గర చెయ్యి పెడితే బయటికి వేడిగాలి కొట్టాలి.

ఇప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి, మంట ఆర్పి, పొగ నిటారుగా లేచేదాకా ఆగండి. బాత్రూం తలుపు ముందు గొంతుక్కూర్చుని, కింది సందుకి జానెడు దూరంలో పట్టుకోండి. ఊపిరి బిగబట్టండి, లేకపోతే మీ ఊపిరికే పొగ వంగుతుంది. నేను పట్టుకున్నప్పుడు ఆ పొగ నిటారుగా ఒక్క క్షణం కూడా నిలవలేదు. తలుపు సందులోంచి ఎవరో ఊదుతున్నట్టు అడ్డంగా పడుకుని, నా మోకాలి మీదుగా మంచం కిందికి పాకింది. ఏసీ ఆపమన్నాను. అరనిమిషంలో పొగ మళ్లీ నిలబడింది. మళ్లీ వేయమన్నాను. మళ్లీ పడుకుంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేంట్రా, దెయ్యం లాగినట్టు" అంది.

పొగ గది వైపు వంగితే ఆ సందులోంచి గాలి లోపలికి వస్తోందని. సందు వైపు వంగితే గాలి అటు పోతోందని. బాత్రూం తలుపు అయ్యాక వంటింటి వైపు తలుపు, మెట్ల వైపు తలుపు, పాత ఏసీ కన్నాలు, డక్ట్ వైపు వెంటిలేటర్, ఒక్కొక్కటీ చూడండి. వంటింట్లో చిమ్నీ ఉంటే దాన్ని కూడా వేసి మరోసారి చూడాలి. చిమ్నీల డబ్బా మీద గంటకి వెయ్యి ఘనపు మీటర్లని రాసి ఉంటుంది. ఏసీ, చిమ్నీ రెండూ కలిసి లాగుతుంటే ఇల్లు మొత్తం గాలి కోసం ఎగబీలుస్తుంది.

తర్వాత మంచి గాలి వచ్చే వైపు కిటికీ ఒకటి ఎంచుకోండి. మంచి గాలి అంటే జనరేటర్, కారు పార్కింగ్, పక్కింటి గీజర్ పైపు, అపార్ట్‌మెంట్ డక్ట్, ఇవేవీ లేని వైపు. తొండం ఉన్న కిటికీ వద్దు, వదిలిన వేడే మళ్లీ లోపలికొస్తుంది. దాన్ని నాలుగు వేళ్ల మందం తెరిచి, బాత్రూం సందు దగ్గర అగరుబత్తి మళ్లీ పట్టుకోండి. ఇంకా గది వైపే వంగుతుంటే ఇంకో రెండు వేళ్లు తెరవండి. పొగ నిటారుగా నిలిచేదాకా, ఇంకా నయం బాత్రూం వైపే వంగేదాకా. మా గదికి ఆరు వేళ్లు పట్టింది. ఆ కొలతకి కిటికీ రెక్కకి ఒక చెక్క ముక్క బిగించాను, ఎవరూ పూర్తిగా మూయలేకుండా.

చల్లదనం తగ్గదా అంటే తగ్గుతుంది. ఒకటి రెండు డిగ్రీలు పోతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. కానీ మూసేసినా ఆ వేడి గాలి ఎక్కడో ఒకచోటి నుంచి వస్తూనే ఉంది కదా, కాకపోతే ఎక్కడినుంచో మనకి తెలీదు. దారి మనం చూపిస్తున్నాం, అంతే.

ఒక మాట. ఈ పరీక్ష గాలి ఎటు పోతోందో చెబుతుంది, విషవాయువు ఉందో లేదో చెప్పదు. దానికి అలారం వేరే ఉండాలి. ఆ సంగతి కింద రాశాను.

గీజర్

మన ఊళ్లలో ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. చిన్న బాత్రూం, గోడకి గ్యాస్ గీజర్, పొగ బయటికి పోవడానికి గొట్టం లేదు, వెంటిలేటర్‌కి దోమలని అట్ట అడ్డం పెట్టి ఉంటారు. గీజర్ శుభ్రంగా, చాలినంత గాలితో నీలం మంటతో మండితే మోనాక్సైడ్ చాలా తక్కువ. గాలిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ, బర్నర్ కన్నాల్లో మసీ బూజూ చేరేకొద్దీ మంట పసుపు రంగుకి తిరుగుతుంది, మోనాక్సైడ్ పెరుగుతుంది. మా గీజర్ మూత విప్పితే బర్నర్ సగం సాలీడు గూళ్లతో మూసుకుపోయి ఉంది. బిగించినవాడు ఎవడో గాని, గొట్టం పెట్టే మూతి దగ్గర డబ్బా మూత ఒకటి తొడిగి పోయాడు. అందం కోసమట.

నా మాట అడిగితే, బాత్రూంలో గ్యాస్ గీజర్ వద్దే వద్దు. బాల్కనీలోకో, గాలాడే వెనక వరండాలోకో మార్చి, నీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. లేదా కరెంటు గీజర్ పెట్టుకోండి. అద్దె ఇల్లు, ఓనరు వినడంటారా? అప్పటిదాకా ఒకే పద్ధతి: వెంటిలేటర్ తెరిచి, తలుపు తీసి ఉంచి, బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, కాసేపు గాలాడనిచ్చి అప్పుడు స్నానానికి వెళ్లాలి. గీజర్ నడుస్తుండగా షవర్ కింద నిలబడకూడదు. లోపల గడియ పెట్టుకోకూడదు. నీళ్లు నింపుతున్నంతసేపూ, తర్వాత ఓ పావుగంటా గదిలో పోర్టబుల్ ఏసీ ఆపేసి ఉండాలి. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే, గొట్టం లేని గీజర్‌కి అది మేలే. గొట్టం ఉన్న గీజర్‌కి మాత్రం అదే ఫ్యాన్ తలుపులు మూసి ఉంటే గొట్టంలోంచి పొగని వెనక్కి లాగొచ్చు. కాబట్టి గాలి వచ్చే దారి తెరిచి ఉండాల్సిందే.

ఆస్పత్రి నుంచి వచ్చాక మోనాక్సైడ్ కొలిచే మీటర్ ఒకటి తెప్పించి చూశాను. ఇంట్లోవాళ్లందరినీ కిందికి పంపి, మీటర్‌ని గదిలో స్టూల్ మీద పెట్టి, నేను వసారాలోంచి కిటికీ అద్దంలోంచి చదివాను. ఏసీ ఆపి, బాత్రూం తలుపు వేసి గీజర్ పది నిమిషాలు నడిపితే గదిలో ఒకటీ రెండూ మించలేదు. ఏసీ వేసి, మిగతా అంతా అలాగే ఉంచి నడిపితే పావుగంటలోపే 40 దాటింది. పది లక్షల పాళ్లలో నలభై పాళ్లు, పీపీఎం అంటారు. అక్కడితో అన్నీ ఆపేసి కిటికీలు తెరిచాను. మీరు ఈ ప్రయోగం చేయొద్దు. గీజర్ మండుతుండగా గదిలోకి వెళ్లాల్సిన పనే లేదు, అగరుబత్తి చాలు.

సాంబ్రాణి కుంపటి

ఇక మా ఇంట్లో రెండో దొంగ ఇది. దీని గురించి రాయాలంటే మా అమ్మకి కోపం వస్తుందని కొంచెం భయమే. బాలింతకి స్నానం కాగానే నులక మంచం మీద పడుకోబెట్టి, కింద కుంపట్లో బొగ్గు నిప్పులేసి సాంబ్రాణి చల్లడం, జుట్టు ఆరబెట్టడం, పసిదాన్ని ఆ పొగ మీదుగా అటూ ఇటూ తిప్పడం మా ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. అమ్మ వాళ్ల కాలంలో తాటాకు పాకలు, పెంకుటిళ్లు. కప్పుకీ గోడకీ మధ్య చెయ్యి దూరే సందు. ఇప్పుడు స్లాబు గది, అల్యూమినియం కిటికీలు, బాలింతకి గాలి తగలకూడదని తలుపులు మూత. పద్ధతి అదే, ఇల్లు మారింది.

జనం పొగ చూసి భయపడతారు. పొగ పోయాక ఎర్రగా కణకణలాడుతున్న బొగ్గులుంటాయి చూడండి, అప్పుడే అసలు భయపడాలి. పొగా లేదు, వాసనా లేదు, వెచ్చగా హాయిగా ఉంటుంది. మోనాక్సైడ్ దండిగా వచ్చేది అప్పుడే. సాంబ్రాణి ఎప్పుడో కాలిపోయినా కుంపటి మంచం కింద గంటసేపు అలా ఉండిపోయేది మా ఇంట్లో.

నిజం చెప్పాలంటే, కుంపటి విషయంలో పోర్టబుల్ ఏసీ కాస్త మేలే చేసింది. గదిలో పుట్టినదాన్ని ఎంతో కొంత బయటికి ఊదేస్తోంది కదా. అదే గదిలో స్ప్లిట్ ఏసీ ఉండి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేది, అది గదిలో గాలినే తిప్పుతుంది కాబట్టి. కానీ దీన్ని నమ్ముకోకూడదు. గది చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది, దాంతో పాటు బయటికి ఊదే ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఏ ఏసీ ఉన్నా సరే, మూసిన గదిలో బొగ్గు నిప్పులు వద్దు. చలికాలంలో కుంపటి పెట్టుకుని పడుకునేవాళ్లకీ ఇదే మాట. బార్బెక్యూ పొయ్యి బాల్కనీలో కాల్చి, వాన వచ్చిందని ఆరకముందే హాల్లోకి తెచ్చేవాళ్లకీ ఇదే.

పూజ దగ్గర అగరుబత్తులు, ఒక దీపం వేరే సంగతి. వాటి పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు గాని, నేను రాస్తున్న ప్రమాదం ఆ లెక్కది కాదు.

జనరేటర్, పార్కింగ్

ఇది కొద్దిలో ముగిస్తాను. కరెంటు పోతే చిన్న పెట్రోల్ జనరేటర్ వేసి దాని మీద పోర్టబుల్ ఏసీ నడిపేవాళ్లున్నారు. జనరేటర్‌ని వరండాలో, మెట్ల కింద, కిటికీ పక్కన పెడతారు. ఇటు ఏసీ గదిని ఖాళీ చేస్తోంది, అటు కిటికీ అవతల జనరేటర్ వదులుతోంది. అంతకంటే చెడ్డ జత ఉండదు. జనరేటర్ ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట, పొగగొట్టం ఇంటికి అవతలి వైపు తిరిగి ఉండాలి. షెడ్డులో పెట్టి షట్టర్ సగం ఎత్తి ఉంచాం అంటే కుదరదు. అపార్ట్‌మెంట్లలో సెల్లార్ జనరేటర్ పక్కనే వాచ్‌మన్ గది ఉంటుంది. అసోసియేషన్ మీటింగులో లిఫ్ట్ రంగు గురించి రెండు గంటలు మాట్లాడతారు గదా, ఆ పొగ ఎటు పోతోందో ఒక్కసారి కిందికి దిగి చూడండి.

మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఉంటాడు. వాళ్ల ఇంట్లో వేణ్ణీళ్ల ట్యాంకు, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ గ్యాస్‌వే, గరాజ్ ఇంటికి ఆనుకునే ఉంది. పైకి గొట్టం ఉన్నా, పాత రకం వాటర్ హీటర్ పొగ తనంతట తాను తేలికై పైకి పోవాల్సిందే, తోసే ఫ్యాన్ ఉండదు. అలాంటి ఇంట్లో ఒక్క పైపు ఏసీ గట్టిగా లాగితే గొట్టంలో పొగ వెనక్కి దిగొచ్చు. అగరుబత్తి పరీక్ష అక్కడా పనిచేస్తుంది. హీటర్ నడుస్తుండగా పైన గొట్టం మొదలయ్యే చోట ఉండే గొడుగు లాంటి మూత అంచున పట్టుకుంటే పొగ లోపలికి లాగబడాలి. బయటికి తోస్తుంటే అన్నీ ఆపి మనిషిని పిలవాలి.

అలారం కొనేటప్పుడు

గ్యాస్ లీక్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కాదు. షాపులో అడిగితే నూటికి తొంభై మంది మొదటిదే చేతిలో పెడతారు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, పైగా దానికి వాసన కలుపుతారు. మోనాక్సైడ్‌కి రంగు, రుచి, వాసన ఏమీ లేవు. గాలి కంటే రవ్వంత తేలిక, గదంతా కలిసిపోతుంది. డబ్బా మీద కార్బన్ మోనాక్సైడ్ అని స్పష్టంగా ఉండాలి, యూరప్‌వాళ్ల ఇఎన్ 50291 గానీ అమెరికావాళ్ల యూఎల్ 2034 గానీ ప్రమాణం రాసి ఉండాలి. అంకె చూపించే తెర ఉన్నది మేలు.

పడకగదిలో, పడుకున్నప్పుడు మన ముక్కు ఉండే ఎత్తుకి దగ్గరగా గోడకి పెట్టండి. పరదా వెనక వద్దు, ఏసీ గాలి నేరుగా కొట్టేచోట వద్దు, బాత్రూం ఆవిరిలో వద్దు. ఇది వెంటనే మోగదని తెలుసుకోండి. యూరప్ ప్రమాణం ప్రకారం 50 పీపీఎం దగ్గర మోగడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, 100 దగ్గర పది నుంచి నలభై నిమిషాలు, 300 దగ్గర మూడు నిమిషాల్లోపు మోగాలి. కాబట్టి మోగలేదని ధీమా పడకండి, తెర మీద అంకె చూస్తూ ఉండండి. సెన్సర్‌కి ఆయుష్షు ఉంటుంది. వెనక ముద్రించిన గడువు తేదీని స్కెచ్ పెన్నుతో ముందు వైపు రాసి పెట్టుకోండి.

మన ఇళ్లకి ప్రత్యేకమైన గొడవ ఇంకోటుంది. లెడ్ యాసిడ్ రకం ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. ఆ హైడ్రోజన్‌కి కూడా ఈ సెన్సర్లు స్పందిస్తాయి. అలారం బ్యాటరీ దగ్గర పెడితే ఉత్తిపుణ్యానికి మోగొచ్చు. అయినా మోగిన ప్రతిసారీ ముందు నిజమేననుకుని బయటికి నడవండి, కారణం తర్వాత వెతకొచ్చు.

ఒంట్లో తేడా అనిపిస్తే

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, మనిషి తికమకగా మాట్లాడటం. జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తుంది. బయటికెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలవుతుంది. ఇవి కనిపిస్తే ఏసీ, గీజర్ అని తర్కించుకుంటూ కూర్చోకండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని బయటపడండి, వెళ్తూ వెళ్తూ తలుపులు బార్లా తీసేయండి. స్విచ్చులు ఆపడానికి ఆగకండి. బయటికి వచ్చాక 108కి ఫోన్ చేయండి. బాత్రూంలో ఎవరైనా పడిపోతే ముందు తలుపు పగలగొట్టి గాలి తగలనివ్వాలి, మనిషిని బయటికి ఈడ్చాలి, ఇంకొకరు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయాలి. ఒకరి వెనక ఒకరు లోపలికి దూరి పడిపోయిన ఇళ్లున్నాయి.

ఆక్సీమీటర్‌ని నమ్మొద్దు. ఈ వాయువు రక్తంలో హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుకున్నదాన్ని కూడా వేలి మీటర్ ఆక్సిజనే అనుకుని లెక్కేస్తుంది. మా అమ్మాయికి 98 చూపించింది అందుకే. ఆస్పత్రిలో "గీజర్ వాడాం, బొగ్గులు పెట్టాం, ఏసీ వేసి తలుపులు మూశాం" అని మీరే ముందుగా చెప్పండి, కార్బాక్సీ హీమోగ్లోబిన్ పరీక్ష పేరు చెప్పి అడగండి. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నరలో తగ్గుతుంది. కాబట్టి తలనొప్పి తగ్గింది కదా అని ఇంట్లో పడుకోబెట్టొద్దు. గర్భిణి అయితే అసలు ఆలస్యం వద్దు, కడుపులో బిడ్డ రక్తం దీన్ని తల్లి రక్తం కంటే ఎక్కువ పట్టుకుంటుంది.

ఓనరుకి ఆస్పత్రి కాగితం చూపించాక గీజర్ బాల్కనీలోకి మార్చడానికి ఒప్పుకున్నాడు. కూలి డబ్బులు మాత్రం నేనే ఇచ్చుకున్నాను. సాంబ్రాణి మానలేదు. మా అమ్మ కుంపటిని వసారాలో పిట్టగోడ పక్కకి మార్చింది. నులక మంచం కూడా అక్కడికే వెళ్లింది, చుట్టూ పాత చీర కట్టి చాటు చేసింది. నిప్పులు ఆరి బూడిదయ్యాక, నీళ్లు చల్లాక గాని కుంపటి గుమ్మం దాటి లోపలికి రాదు. గోడకున్న అలారానికి నెలకోసారి టెస్ట్ బొత్తం నొక్కేది కూడా ఆవిడే. అది కీచుమనగానే పసిది ఉలిక్కిపడి ఏడుస్తుంది, ఆవిడ దాన్ని ఎత్తుకుని మంచి రోజే చూసి నొక్కాను అంటుంది.